అటక మీది ఛురీ

 

బక్రీదు పండుగకు ఇంకా నెలన్నర వ్యవధి ఉన్నది. ఇంత ముందుగా కత్తులను గురించి వ్రాయడమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. పండుగ ముందునాటి సాయంత్రం ఈ మాట చెప్పి ప్రయోజనం లేదు. అప్పటికి చేయవలసిన పని చేయడానికి వేళ మించిపోతుంది. అందుకే ఇప్పుడు వ్రాస్తున్నాను.

మన ఇళ్లలో చాలా చోట్ల అటక మీదనో, బియ్యపు డబ్బా వెనుకనో పాత గుడ్డలో చుట్టిన ఛురీ ఒకటి ఉంటుంది. అది తాతల నాటిది. ఏడాదికి ఒక్కనాడు, అదీ ఈద్ నమాజు ముగించుకొని ఇంటికి వచ్చిన తరువాత, దాని జ్ఞాపకం వస్తుంది. గుడ్డ విప్పి చూస్తే తుప్పు కనిపిస్తుంది. ఇక గడప రాతి మీద నాలుగుసార్లు గీకడం, పొరుగింటి కత్తి కోసం పిల్లవాణ్ణి పరుగెత్తించడం, అదీ దొరకకపోతే సంతలో కొన్న తళతళలాడే కత్తితో పని కానివ్వడం మామూలే. ఆ పరుగుల మధ్య జంతువు గుంజకు కట్టివేయబడి ఇదంతా చూస్తూ ఉంటుంది.

ఇతరులను తప్పుపట్టడానికి ఇది వ్రాయడం లేదు. నా తప్పు చెప్పుకోవడానికే మొదలుపెట్టాను.

మా దాదాజాన్ కసాయి కారు, రైతు. మా వైపు పల్లెల్లో మనవారి ఇళ్లు ఊరికి రెండో మూడో ఉండే కాలమది. జబహ్ చేసే పద్ధతి చక్కగా తెలిసినవారు కనుక ఖుర్బానీ మూడు రోజులూ ఆయన కాలినడకన ఊరూరా తిరిగేవారట. ఆయన వెంట ఉండిన ఛురీయే మా ఇంటికి దక్కింది. అలుగు జానెడు కంటే కొద్దిగా ఎక్కువ పొడవు. వెన్ను దళసరిగా ఉండి, అంచుకు వచ్చేసరికి ఆకులా పలుచబడుతుంది. పిడి జిట్రేగి కర్రతో చేసినది. పిడికీ అలుగుకూ నడుమ సన్నని ఇత్తడి కట్టు ఉన్నది. అలుగు తెల్లగా మెరవదు. వాన మబ్బు పట్టిన ఆకాశంలా నల్లని బూడిద రంగులో ఉంటుంది. దాని మీద చేసినవాని పేరు గాని, ముద్ర గాని లేదు. అది నిర్మల్‌లో తయారైనదని అబ్బాజాన్ అనేవారు. అందుకు ఆధారం ఏదీ లేదు. మా ప్రాంతంలో ఎవరింట పాత కత్తి కనిపించినా దానిని నిర్మల్ కత్తి అనడం ఒక అలవాటు. పిల్లలకు ఆ మాట చెప్పడం నేను మానుకున్నాను.

అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్న మరుసటి సంవత్సరం ఆ ఛురీ సంగతి అన్నదమ్ముల మధ్యకు వచ్చింది. భాయిజాన్ దానిని అద్దాల పెట్టెలో పెట్టి గోడకు అమర్చుదామన్నారు. “వాడినకొద్దీ అరిగిపోతుంది తమ్ముడూ. దాదాజాన్ గుర్తుగా మనకు మిగిలింది ఇదొక్కటే” అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఖుర్బానీ కోసం చేసిన వస్తువు ఖుర్బానీకే వాడాలని వాదించాను. మదర్సాలో పాఠాలు చెప్పే నోరు కదా, వాదనలో నేనే గెలిచాను. “నీవు చదువుకున్నవాడివి, నీ ఇష్టం” అని ఆయన ఛురీ నా చేతిలో పెట్టారు.

పండుగకు రెండు రోజుల ముందు దానిని పట్టణంలో మోటారు చక్రం మీద సాన పట్టే దుకాణానికి తీసుకువెళ్లాను. నిప్పురవ్వలు ధారగా ఎగిరిపడ్డాయి. పది నిమిషాలలో ఛురీ అద్దంలా మెరుస్తూ చేతికి వచ్చింది. కొన వైపు రెండు అంగుళాల మేర నెమలి కంఠం వంటి నీలిరంగు దిగింది. చూడముచ్చటగా ఉన్నదనుకున్నాను. డబ్బులిచ్చి వచ్చేశాను.

పండుగనాడు మొదటి మేకకు ఏ ఇబ్బందీ కలగలేదు. రెండవదానికి చేయి కొద్దిగా బరువెక్కింది. మూడవది మా సొంత పొట్టేలు. మెడ మీద ఉన్ని దట్టంగా ఉన్నది. ఒక్క లాగుతో తెగవలసినది తెగలేదు. మళ్లీ లాగాను. మళ్లీ లాగాను. ఆ తరువాత ఎన్నిసార్లో చెప్పలేను. కాళ్లు పట్టుకున్నవాడు పదమూడేళ్ల మా మదర్సా విద్యార్థి. వాడు చేతులు వదలలేదు గాని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ వారంలోనే వాని తరగతికి నేను సహీహ్ ముస్లింలోని షద్దాద్ బిన్ ఔస్ (రజి) హదీసు బోధించి ఉన్నాను. ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్ పాటించాలని, జబహ్ చేసేవాడు కత్తికి పదును పెట్టి జంతువు బాధను తగ్గించాలని ఆదేశించే హదీసు అది. పదాల వ్యుత్పత్తి చెప్పాను, వ్యాకరణం చెప్పాను, ఇహ్‌సాన్ అనే మాట మీద అరగంట మాట్లాడాను. నా కత్తి పదును మాత్రం చూసుకోలేదు.

ధర్మశాస్త్రం ప్రకారం ఆ మాంసం హలాలే. శ్వాసనాళం, ఆహారనాళం, రెండు రక్తనాళాలు, ఈ నాలుగింటిలో అధికభాగం తెగితే జబహ్ నెరవేరుతుందని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. మొద్దు కత్తితో చేయడం మక్రూహ్ అని కూడా అదే ఫిఖ్హ్ చెబుతుంది. ఇదే మసలా ఎవరైనా నన్ను అడిగితే నిమిషంలో జవాబు చెప్పి పంపేవాడిని. ఆనాడు మాత్రం ముద్ద గొంతు దిగలేదు. భాయిజాన్ ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

వారం తరువాత ఆ ఛురీని పక్క ఊరి కమ్మరి పెద్దాయన దగ్గరకు పట్టుకుపోయాను. అప్పటికే ఆయనకు డెబ్బై దాటాయి. ఛురీని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశారు. నీలిరంగు మీద బొటనవేలు ఆనించారు. “మౌల్సాబ్, దీన్ని కాల్చి సంపిన్రు గద” అన్నారు. నిప్పులో పెట్టలేదని, సాన మాత్రమే పట్టించానని చెప్పాను. ఆయన నవ్వారు. “గా చక్రమే నిప్పు సార్. నీళ్లు పొయ్యకుంట గట్ల రాకితే ఉక్కు మెత్తబడక ఏమైతది?”

ఆయన చెప్పినదానిని తరువాత పుస్తకాలలో కూడా చదివి సరిచూసుకున్నాను. ఉక్కును ఎర్రగా కాల్చి చప్పున చల్లార్చితే అది గట్టిబడుతుంది. కానీ గాజులా పెళుసుగా తయారవుతుంది. ఆ పెళుసుతనం పోవడానికి మళ్లీ కొద్దిపాటి వేడి చూపుతారు. అలా వేడి చూపేటప్పుడు శుభ్రమైన ఉక్కు మీద రంగులు నడుస్తాయి. 220 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఎండుగడ్డి రంగు వస్తుంది. తరువాత గోధుమ రంగు, ఊదా రంగు వస్తాయి. 300 డిగ్రీల దగ్గర నీలం కనిపిస్తుంది. కోసే అంచుకు ఎండుగడ్డి రంగు దగ్గర ఆపడం పద్ధతి. నీలం దాకా పోయిన అంచు స్ప్రింగులా వంగుతుంది గాని పదును నిలుపుకోదు. నాకు నెమలి కంఠంలా అందంగా కనిపించిన రంగు, ఆ కత్తి పని అయిపోయిందని చెబుతున్న రంగు.

“మళ్ల నీళ్లు పడదాం” అన్నారు పెద్దాయన. ఉక్కుకు మళ్లీ గట్టిదనం ఇవ్వడాన్ని ఆయన అలా అంటారు. మఘ్రిబ్ తరువాత రమ్మన్నారు. అంత చీకటిలో ఎందుకని అడిగాను. ఎండలో ఉక్కు ఎరుపు కంటిని మోసం చేస్తుందట. మసక చీకటిలోనే అసలు రంగు తెలుస్తుందట. ఆయన పిడి ఊడదీశారు, కొలిమి ఊదించారు. పాత రేడియో స్పీకరు నుండి తీసిన అయస్కాంతం ఒకటి తీగకు కట్టి దగ్గర ఉంచుకున్నారు. బాగా ఎర్రబడిన ఉక్కును అయస్కాంతం అంటుకోకుండా పోయే ఘడియ ఒకటి వస్తుంది. దానిని దాటి మరికొంచెం వేడి ఎక్కిన తరువాత అలుగును నూనెలో ముంచారు. పొగ, వాసన కమ్ముకున్నాయి. చల్లబడిన అంచు మీద ఆకురాయి రాస్తే జారిపోయింది, పట్టలేదు. తరువాత వెన్ను వైపు నుండి మెల్లగా వేడి చూపి, ఎండుగడ్డి రంగు అంచుకు చేరగానే ఆపారు. పది నిమిషాల చక్రం చేసిన నష్టాన్ని పూడ్చడానికి ఒక రాత్రి, మరో రోజు సగం పట్టింది. ఆయన తీసుకున్న కూలి చెప్పడానికి నాకే సిగ్గు, అంత తక్కువ.

ఆనాటి నుండి ఆయన దగ్గరకు నా రాకపోకలు మొదలయ్యాయి. అసర్ తరువాత గంటసేపు అక్కడ కూర్చునేవాడిని. పాత కత్తులను బాగు చేయడం అలా అంటుకున్న విద్య.

ఇక్కడ కొంచెం దారి మళ్లుతాను, పాఠకులు మన్నించాలి. మా అరబీ తరగతిలో ప్రతి సంవత్సరం ఎవరో ఒక పిల్లవాడు అడిగే ప్రశ్న ఒకటున్నది. ‘ముహన్నద్’ అంటే ఏమిటి? భారతదేశపు ఉక్కుతో చేసిన ఖడ్గం అని అర్థం. కఅబ్ బిన్ జుహైర్ (రజి) దైవప్రవక్త (సల్లం) సమక్షంలో వినిపించిన ప్రఖ్యాత ఖసీదాలో కూడా ఈ పదం ఉన్నది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు తత్త్వవేత్త అల్‌కిందీ ఖలీఫా ముఅతసిమ్ కోసం ఖడ్గాల రకాలను గురించి ఒక గ్రంథమే వ్రాశాడు. ఏ దేశపు ఉక్కు ఎటువంటిదో, మంచిదానిని ఎలా గుర్తుపట్టాలో అందులో వివరించాడు. ఈ ఉక్కుతో చేసిన అలుగు మీద పారే నీటి అలల వంటి చారలు కనిపిస్తాయి. అరబీలో దానిని ‘ఫిరింద్’ అన్నారు, పారసీకంలో ‘జౌహర్’ అన్నారు. పడమటివారి పుస్తకాలలో ఈ ఉక్కు పేరు ‘వూట్జ్’. అది మన ‘ఉక్కు’ అనే మాట నుండే పుట్టిందని పండితుల అభిప్రాయం.

ఆ ఉక్కు కరిగిన ఊళ్లలో ఒకటి మన నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. భూగర్భ పరిశోధకుడు హెన్రీ వోయ్‌సే ఆ పని జరుగుతుండగా కళ్లారా చూసి వ్రాసిన వృత్తాంతం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. అప్పటికి ఆయన చనిపోయి ఎనిమిదేళ్లు. రెండు చోట్ల నుండి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి, మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి కరిగించేవారు. మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. ఇస్ఫహాన్ నుండి వచ్చిన ఒక పారసీక వర్తకుడు ఆ ఊళ్లో ఉండి, ఉక్కు ముద్దలను స్వయంగా పరీక్షించి కొనడం వోయ్‌సే చూశాడు. ఆలోచించండి. ఎక్కడి ఇస్ఫహాన్, ఎక్కడి కోనసముద్రం! మా ఊరి పిల్లలకు డమాస్కస్ ఖడ్గం పేరు తెలుసు. కోనసముద్రం మీదుగా పోయే బస్సు కూడా తెలుసు. ఈ రెండింటికీ ఉన్న సంబంధం మాత్రం ఎవరూ చెప్పలేదు.

అయితే ఒక హెచ్చరిక. ఇది చదివి మీ అటక మీది ఛురీ కూడా ఆ ఉక్కుదేనని సంబరపడకండి. ఆ మూసల కొలిములు చల్లారి చాలా కాలమైంది. నా చేతి మీదుగా పోయిన పాత కత్తులు వందకు పైనే ఉంటాయి. జౌహర్ ఉన్నది ఒక్కటీ లేదు, మా దాదాజాన్ ఛురీతో సహా. ఎవరో చెప్పారని ఆమ్లం పూసి చారలు వెతకవద్దు. ఇళ్లలో ఉన్న నాటు కత్తులలో ఎక్కువ భాగం లారీల కమాన్ పట్టీలను సాగగొట్టి చేసినవి. అందులో చిన్నతనమేమీ లేదు. లారీ బరువును ఏళ్ల తరబడి మోసిన పట్టీ మంచి ఉక్కు. సరిగ్గా నీళ్లు పడితే సంతలోని మెరుపు కత్తి దానికి సాటి రాదు.

కత్తులు నా దగ్గరకు చేరిన తీరు వేరు. నేను సేకరించాలని సేకరించలేదు. ఎవరో చనిపోతారు, ఇల్లు సర్దుతారు, పాత ఇనుము బండివాడు వస్తాడు, కిలోల లెక్కన పోతాయి. ఆ బండివాడు నన్ను ఎరిగినవాడు. మా వీధిలోకి వచ్చినప్పుడు “సాబ్, కత్తులున్నయి” అని కేక వేస్తాడు. అలా వచ్చినవే అడకత్తెరలు, కత్తిపీటలు, కసాయివారి బుగ్దాలు, అరచేతిలో ఇమిడే చెక్కుడు కత్తులు. ఒకసారి కల్లు గీసే కత్తి వచ్చింది. ఇంత మంచి ఉక్కు నేను చూడలేదు. మౌల్వీ ఇంట్లో కల్లు గీసే కత్తి ఏమిటని నా భార్య మూడు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు దానితో కొబ్బరి మట్టలు చెక్కుతున్నాము. పిడి మార్చాక దాని పూర్వాశ్రమం ఎవరికీ తెలియదు. ఈ పత్రికలో వ్రాసేశాను కనుక ఇక తెలుస్తుంది.

ఖడ్గాలు, బాకులు ఎవరు తెచ్చినా తీసుకోను. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసిన పనిముట్లు వేరు, ఆయుధాలు వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం కూడా ఆ తేడా చూస్తుంది. ఇంటి కత్తినైనా సాన కోసం తీసుకుపోయేటప్పుడు గుడ్డలో చుట్టి, సంచి అడుగున పెట్టుకొని పోవాలి. పండుగ ముత్యాల్లాంటి రోజులలో పిల్లలు కత్తులు చేతబట్టి బండి మీద తిరగడం, ఫోటోలు తీసి అందరికీ పంపడం అసహ్యకరమైన పని. దీనిని గురించి ఇంతకంటే వ్రాయను.

ఇక పని సంగతికి వద్దాము. అటక మీది ఛురీని దించండి. ముందు తుప్పును చూడండి. ఎర్రగా, పొడిపొడిగా రాలేది తినే తుప్పు. దానిని తీయాలి. నల్లగా, నున్నగా, గోటికి అంటకుండా ఉన్న పొర తుప్పు కాదు. ఏళ్ల వాడకంలో ఉక్కు తన మీద తాను కప్పుకున్న దుప్పటి అది. ఎర్ర తుప్పు నుండి ఉక్కును కొంతవరకు అదే కాపాడుతుంది. దానిని గీకి తెల్లగా చేసేవారు కత్తి చర్మం ఒలుస్తున్నారు. నేను మొదటి రెండేళ్లలో అలా పాడుచేసినవి ఆరేడు ఉంటాయి.

ఎర్ర తుప్పు తేలికగా ఉంటే కిరసనాయిలు పూసి ఒక రాత్రి వదలండి. తెల్లవారి మెత్తటి ఇటుక పొడి గుడ్డకు అద్ది, వెన్ను నుండి అంచు వైపు రుద్దండి. ఎప్పుడూ అంచుకు ఎదురు రుద్దవద్దు, చేయి తెగుతుంది. మొండి తుప్పు అయితే చింతపండు గుజ్జు పట్టించి అరగంట ఉంచాలి. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే పులుపు మంచి ఉక్కును కూడా తింటుంది. కడిగిన వెంటనే బూడిద నీటితో మరొకసారి కడగండి. పులుపును బూడిద విరిచేస్తుంది. ఆ తరువాత పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పది నిమిషాలు ఉంచి, కొబ్బరి నూనె పలుచగా రాయండి. యంత్రాల నూనె వద్దు, తినే పదార్థాన్ని తాకే వస్తువు కదా. తోలు ఒర అందంగా ఉంటుంది. కానీ అందులో ఉంచి మరచిపోతే తోలు పట్టిన తడి ఉక్కును కొరుకుతుంది. నూనె అద్దిన నూలు గుడ్డే మేలు.

పిడి కదులుతున్నదా? పాత ఛురీల పిడిలో మేకులు ఉండవు. అలుగు తోకను కాల్చి, కర్ర రంధ్రంలో పోసిన లక్కలోకి దించేవారు. అందుకే వేడి నీటిలో నానబెడితే లక్క మెత్తబడి పిడి ఊడి వస్తుంది. ఊడినా కంగారు పడవద్దు. లక్క పొడి రంధ్రంలో నింపి, తోకను మాత్రం వేడిచేసి మళ్లీ దించవచ్చు. ఆ సమయంలో అలుగుకు తడిగుడ్డ చుట్టి ఉంచాలి. వేడి అంచు దాకా పాకితే ఏమవుతుందో నా కథలో చదివారు.

సాన పట్టడానికి నీటిరాయి ఒకటి చాలు. ఒక వైపు గరుకు, మరొక వైపు నునుపు ఉండేవి హార్డ్‌వేర్ దుకాణాలలో దొరుకుతాయి. రాయిని నీటితో తడిపి, తడిగుడ్డ మీద కదలకుండా ఉంచండి. కత్తిని ఎంత వాలుగా పట్టాలన్నదే అందరికీ వచ్చే చిక్కు. దీనికి పెద్దాయన చెప్పిన కొలత ఎంతో సులువైనది. అలుగు వెడల్పులో మూడవ వంతు ఎత్తున వెన్ను రాయి మీద నుండి లేచి ఉండాలి. లెక్కవేసి చూస్తే అది దాదాపు 20 డిగ్రీలు. చదువురాని ఆ మనిషి కొలతకు, గణిత పుస్తకానికి తేడా లేకపోవడం చూసి నేను ఆశ్చర్యపోయాను. ఆ వాలు చెడకుండా, రాయి మీద నుండి పలుచని పొర తీస్తున్నట్లుగా మడమ నుండి కొన దాకా లాగాలి. కొంతసేపటికి అవతలి వైపు అంచున వేలికి సన్నగా గరగరలాడే నూగు తగులుతుంది. వేలిని అంచు వెంబడి నడపకూడదు, వెన్ను నుండి అంచు బయటకు జార్చి చూడాలి. నూగు మడమ నుండి కొన దాకా వచ్చినప్పుడే ఆ వైపు పని పూర్తి అయినట్లు. అప్పుడు తిప్పి రెండవ వైపు రుద్దాలి. తరువాత నునుపు వైపు మీద బరువు తగ్గించి ఇదే పని చేయాలి. చివరకు పాత తోలు బెల్టు మీద అంచును వెనక్కు లాగుతూ పదిహేను ఇరవైసార్లు రుద్దితే ఆ నూగు రాలిపోతుంది. వేలాడదీసిన వార్తాపత్రిక కాగితం చప్పుడు లేకుండా తెగితే పదును వచ్చినట్లు. ఎక్కడ చిరిగితే అక్కడ నూగు మిగిలి ఉన్నదని గుర్తు. చాలామంది ఈ నూగు దగ్గరే మోసపోతారు. నూగు ఉన్న కత్తి మొదటి కోతకు చాలా పదునుగా అనిపిస్తుంది, మూడవ కోతకు మొద్దుబారుతుంది.

ఇది మగవారి పని అనుకునే సోదరులకు ఒక మాట. ఖుర్బానీ సందర్భంలో దైవప్రవక్త (సల్లం) కత్తి తెమ్మని, దానిని రాతి మీద పదును పెట్టమని అడిగినది హజ్రత్ ఆయిషా (రజి)ని. ఆ తల్లి పదును పెట్టి అందించారు. ఇది సహీహ్ ముస్లింలో ఉన్నది. మా ఇంట్లో నాకంటే నా భార్య చేతికే వాలు నిలకడగా కుదురుతుంది. వంటింటి కత్తులు ఆమెవే, నేను ముట్టుకోను. మరొక సంగతి కూడా మరువకండి. జంతువును పడుకోబెట్టి దాని కళ్లెదుటే కత్తి నూరుతున్న మనిషిని ప్రవక్త (సల్లం) మందలించినట్లు ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం ఉన్నది. గడప మీద గీకుడు, గుంజకు కట్టిన జంతువు అని మొదట నేను వ్రాసినది ఇందుకే.

పదును పెట్టిన ప్రతిసారీ ఉక్కు కొంత పోతుంది. రాయి మీద నీరు నల్లబడుతుందే, ఆ నలుపు కత్తిలో నుండి వచ్చినదే. అరిగిపోతుందని భాయిజాన్ అన్న మాట అబద్ధం కాదు. ఆ రోజు వాదనలో నేను దానికి జవాబు చెప్పనేలేదు, గొంతు పెంచి దాటేశాను. కొలిమి నుండి ఛురీ తిరిగి వచ్చిన సంవత్సరం, ఆయన మాట మనసులో మెదలి, ఒక నోటుపుస్తకంలో ఛురీని బోర్లించి చుట్టూ సన్నని పెన్సిలుతో గీత గీశాను. పక్కన హిజ్రీ సంవత్సరం వేశాను. ప్రతి పండుగకూ సాన పట్టిన తరువాత అదే ఆకారం మీద మళ్లీ గీత గీస్తున్నాను.

కిందటి సంవత్సరం భాయిజాన్ మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పుస్తకం ఆయన ముందు పెట్టాను. కళ్లద్దాలు సవరించుకొని చాలాసేపు చూశారు. మొదటి గీతకూ చివరి గీతకూ మధ్య దూరం మడమ దగ్గర ఒక బియ్యపు గింజ వెడల్పు ఉంటుంది. కొన దగ్గర అంతకంటే కొంచెం ఎక్కువ.

“దాదాజాన్ నాటికి ఎంత ఉండేదో?” అన్నారు.

తెలియదన్నాను. చక్రం మీద ఆ ఒక్క పూటలో ఎంత పోయిందో కూడా తెలియదు, అంతకు ముందు గీత లేదు కదా.

ఆయన పుస్తకం మూసి, ఛురీ చేతిలోకి తీసుకొని, గోటి మీద అంచు ఆనించి చూసుకున్నారు. ఊరికి వెళ్లేటప్పుడు తమ ఇంటి కత్తులు రెండు పంపుతానన్నారు. పది రోజులకు మనుమని చేత పంపారు, ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. ఆ పిల్లవాడు ఈ సెలవులలో ఇక్కడే ఉండి నేర్చుకుంటానంటున్నాడు. వాలు ఇంకా కుదరలేదు, తొందరపడుతున్నాడు. మా ఊరి వైపు పాఠకులు తమ కత్తులు తీసుకురాదలిస్తే జిల్‌ఖఅదా నెలలో ప్రతి ఆదివారం అసర్ తరువాత మదర్సా వరండాలో మేమిద్దరం ఉంటాము. గుడ్డలో చుట్టి తీసుకురండి. జిల్‌హజ్జ్ నెలవంక కనిపించాక తెస్తే వరుస పెద్దదవుతుంది, తొందరలో చేసిన పని మాట మీద నేను నిలబడలేను.